పుణ్యానికి వచ్చిన పాఠాలు

మాది గోదావరి లోయలో ఒక బొగ్గుగనుల ఊరు. మా నాన్నగారు భూగర్భగనిలో పనిచేసేవారు. నేను చదివిన బడి గని యాజమాన్యం కట్టించినది. నా పుస్తకాలు, నా చొక్కా, నా కంచంలోని అన్నం అన్నీ బొగ్గు పెట్టినవే. తరువాత ఆ ప్రాంతంలోనే ముప్పై ఏళ్లకు పైగా సామాన్యశాస్త్రం బోధించాను. కనుక ఈ వ్యాసం వ్రాస్తున్నది బొగ్గు ఉప్పు తిన్నవాడేనని పాఠకులకు ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

మా తరగతిగదిలో ఒక పటం వ్రేలాడుతూ ఉండేది. ఒక సంస్థవారు బడికి ఉచితంగా ఇచ్చినది. ఆ పేరు ఇక్కడ అనవసరం. పటంలో ఒక పెద్ద చెట్టు. దాని వేళ్లు భూమి అడుగున బొగ్గు పొరలో ఉంటాయి. కొమ్మకొక వస్తువు: విద్యుత్తు, ఉక్కు, తారు, రంగులు, మందులు, బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు. చక్కని పటం. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆ పటం చూపి పాఠం చెప్పేవాణ్ణి. పరీక్షలో “బొగ్గు యొక్క ఉపయోగములు ఐదు వ్రాయుము” అని ఇచ్చేవాణ్ణి. ఒక ఏడు ఒక పిల్లవాడు నాలుగు సరిగానే వ్రాసి, అయిదవదిగా “బొగ్గు వలన మా నాయనకు జీతము వచ్చును” అని వ్రాశాడు. అది పటంలో లేదు, వాచకంలోనూ లేదు. ఎర్రసిరాతో కొట్టివేశాను.

ఉద్యోగ విరమణ తరువాత కొంత తీరిక దొరికి, చమురు, బొగ్గు పరిశ్రమలకూ బడిచదువుకూ నడుమ నడిచిన చరిత్రను చదవడం మొదలుపెట్టాను. ఆ చరిత్ర అన్ని దేశాలలోనూ ఎంతో కొంత ఉండకపోదు. అయితే అమెరికాలో ప్రభుత్వ విచారణల వల్ల, పత్రికల పట్టుదల వల్ల, కాగితాలు బయటపడ్డాయి. అక్కడ ఊహించి చెప్పవలసిన పని తక్కువ. అందుచేత ఆ దేశపు కథనే ఇక్కడ చెబుతాను.

కథ విద్యుత్తుతో మొదలవుతుంది. శామ్యూల్ ఇన్సల్ 1859లో లండన్‌లో పుట్టి, అమెరికా వెళ్లి ఎడిసన్‌కు కార్యదర్శిగా పనిచేసి, 1892లో షికాగో చేరి, అక్కడి విద్యుత్ వ్యాపారాన్నంతా చేతిలోకి తెచ్చుకున్నాడు. 1903లో ఫిస్క్ వీధి కేంద్రంలో అతడు నెలకొల్పిన భారీ ఆవిరి టర్బైను నాటికి ఒక వింత. ఆ ఆవిరి బొగ్గు మండించి పుట్టించినదే. చవకగా కరెంటు ఇచ్చాడు, పేరు తెచ్చుకున్నాడు. కాని అతనికీ, అతని తోటివారికీ ఒక భయం ఉండేది. కరెంటు నీళ్ల వంటిది, దానిని పురపాలక సంఘాలే నడపాలి అనే వాదం ఆ రోజులలో బలంగా ఉండేది. ఆ వాదాన్ని ఓడించడానికి 1919లో ఇలినాయ్ రాష్ట్రంలో ఒక సమాచార సంఘాన్ని ఏర్పాటు చేశారు. చూస్తూండగానే ‘నేషనల్ ఎలక్ట్రిక్ లైట్ అసోసియేషన్’ అనే విద్యుత్ కంపెనీల సంఘం అండతో ఇటువంటివి అనేక రాష్ట్రాలలో వెలిశాయి.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సంగతి వారికీ తెలుసు. బడులలో వాడే పౌరశాస్త్రం, అర్థశాస్త్రం పుస్తకాలను తెప్పించుకుని, ప్రైవేటు కంపెనీలను తక్కువచేసిన వాక్యాలు ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితాలు వేశారు. వాటిని మార్చమని ప్రచురణకర్తల మీద ఒత్తిడి తెచ్చారు. తామే చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి ఉన్నత పాఠశాలలకు పంచారు. కళాశాల ఆచార్యులకు ఉపన్యాసాల పేరనో, పరిశోధన పేరనో సొమ్ము ముట్టజెప్పారు. 1928లో సెనేటు కోరిక మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ ప్రారంభించగా ఈ కాగితాలన్నీ వెలికి వచ్చాయి. ఆ సంఘానికి మేనేజింగ్ డైరెక్టరుగా ఉండిన మెర్లిన్ ఎయిల్స్‌వర్త్ తమవారితో, ఖర్చుకు వెనుకాడవద్దనీ, ఆ ఖర్చు భరించేది ప్రజలేననీ చెప్పినట్లు కూడా తేలింది. అంటే ఇంటింటి కరెంటు బిల్లులోంచి తీసిన డబ్బుతోనే ఆ ఇంటి పిల్లల పాఠాన్ని మార్చారన్నమాట. ఎర్నెస్ట్ గ్రూనింగ్ అనే పత్రికా రచయిత 1931లో ఈ విచారణ మీద వ్రాసిన గ్రంథానికి ఆ మాటనే పేరుగా పెట్టాడు. 1932లో ఇన్సల్ సామ్రాజ్యం కుప్పకూలింది. 1933లో ఆ సంఘం రద్దయి, కొత్త పేరుతో మరొకటి వచ్చింది.

విద్యుత్ కంపెనీలు చేసిన పొరపాటు తొందరపాటు. పుస్తకంలో వాక్యాన్ని కొట్టివేస్తే ఆ గీత కనబడుతుంది. చమురువారి పద్ధతి ఇంతకంటె నేర్పైనది. కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ 1928లోనే బడిపిల్లల కోసం రేడియోలో సంగీత పాఠాలు ప్రారంభించింది. ఆ కార్యక్రమం దశాబ్దాల తరబడి నడిచింది. పిల్లలు మంచి సంగీతం విన్నారు, కంపెనీకి మంచి పేరు వచ్చింది. ఇందులో తప్పు పట్టడానికి ఏమున్నది? నిజంగానే ఏమీ లేదు. అటువంటి సద్భావమే తరువాత పెట్టుబడిగా పనికివస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత పరిశ్రమ సంఘమైన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తానే రంగంలోకి దిగింది. 1956లో ఆ సంస్థ ఖర్చుతో, జాన్ సదర్లాండ్ నిర్మాణంలో ‘డెస్టినేషన్ ఎర్త్’ అనే రంగుల కార్టూను చిత్రం వచ్చింది. అంగారక గ్రహాన్ని ఆగ్ అనే నియంత ఏలుతూ ఉంటాడు. అతని వాహనం సరిగా నడవదు. ఉపాయం తెలుసుకు రమ్మని ఒకణ్ణి భూమికి పంపుతాడు. వాడు అమెరికాలో దిగి, రోడ్ల మీద కార్లు చూసి ఆశ్చర్యపడి, ఆ వైభవానికి మూలం పెట్రోలియమూ, వ్యాపారంలో పోటీయూ అని కనిపెట్టి తిరిగి వెళతాడు. నియంత పని అంతటితో సరి. చూడడానికి సరదాగా ఉంటుంది, పావుగంట కూడా పట్టదు. నేను చూశాను, నవ్వాను కూడా. మా గోడ మీది చెట్టు జ్ఞాపకం వచ్చింది. నూనె ఎక్కడ పుడుతుందో, ఎన్ని వస్తువులవుతుందో చెప్పిన ఆ బొమ్మలో, అది మండిన తరువాత ఏమవుతుందో లేదు.

1956లో ఆ సంగతి ఎవరికి తెలుసునని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. బొగ్గుపులుసు వాయువు గాలిలో పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1896లోనే లెక్కకట్టాడు గాని, అది చాలాకాలం పండితుల చర్చగానే ఉండిపోయింది. అయితే ఆ కార్టూను వచ్చిన మూడేళ్లకు, 1959 నవంబరులో, అమెరికన్ చమురు పరిశ్రమ నూరేళ్ల పండుగ సందర్భంగా న్యూయార్కులో జరిగిన సభలో భౌతికశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టెల్లర్ పరిశ్రమ పెద్దల ముఖానే ఈ మాట చెప్పాడు: ఈ వాయువు పెరుగుదల వల్ల ధ్రువాల మంచు కరిగి, సముద్రతీర నగరాలు మునిగే ప్రమాదం ఉన్నదని. 1965లో పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడు ఫ్రాంక్ ఇకార్డ్ తన సభ్యులకు ఇదే విషయం స్వయంగా విన్నవించాడు. 1977లో ఎక్సాన్ కంపెనీ శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ కంపెనీ యాజమాన్యానికి ఇదే వివరించాడు. ఎక్సాన్ లోపలి పరిశోధనల సంగతి 2015లో పత్రికలలోకి ఎక్కింది. 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, ఆ కంపెనీ శాస్త్రజ్ఞులు 1977 నుండి 2003 వరకు వేసిన ఉష్ణోగ్రత అంచనాలలో 63 నుండి 83 శాతం తరువాత జరిగిన దానితో సరిపోయాయి. ఇంత మంచి శాస్త్రం ఇంటిలో ఉంచుకుని, పిల్లలకు మాత్రం సగం పాఠమే పంపారు.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి ఉన్నది. షెల్ కంపెనీకి 1934 నుండి సొంత చలనచిత్ర విభాగం ఉండేది. శాస్త్రవిషయాల మీద ఆ విభాగం తీసిన చిత్రాలకు మంచి పేరు. 1991లో ఆ కంపెనీ విశ్వవిద్యాలయాలకూ బడులకూ చూపడానికి ‘క్లైమేట్ ఆఫ్ కన్సర్న్’ అనే 28 నిమిషాల చిత్రం తీసింది. శిలాజ ఇంధనాలు మండించడం వల్ల వాతావరణం మారుతున్నదనీ, వరదలూ కరవులూ ముదురుతాయనీ, మనుషులు ఇళ్లు వాకిళ్లు వదలి వలసపోవలసి వస్తుందనీ, పూర్తి నిర్ధారణ కోసం ఎదురుచూస్తూ కూర్చోరాదనీ ఆ చిత్రం చెప్పింది. ఒక చమురు కంపెనీ తన డబ్బుతో పిల్లలకు చెప్పిన పూర్తి పాఠం అది. కాని అదే కంపెనీ ఆ దశాబ్దంలో, వాతావరణ చర్యలను ఎదిరించడానికి ఏర్పడిన ‘గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్’లో 1998 వరకు సభ్యత్వం వదులుకోలేదు. చిత్రం మరుగునపడిపోయి, 2017లో పత్రికలవారు వెలికితీస్తే గాని లోకానికి జ్ఞాపకం రాలేదు. పాఠం చెప్పడం చేతకాక కాదు, చెప్పగలరని ఆ 28 నిమిషాలే సాక్ష్యం.

ఆ 1991 నవంబరులోనే మన సుప్రీంకోర్టు ఎం. సి. మెహతా వేసిన కేసులో, పర్యావరణ విద్యను బడులలోనూ కళాశాలలలోనూ తప్పనిసరి చేయాలని చెప్పింది. మా బడికి ఆ పాఠం చేరేటప్పటికి చాలా ఏళ్లు పట్టింది. చేరిన తరువాత కూడా చెట్లు నాటుట, ప్లాస్టిక్ సంచులు మానుట వరకే నేను చెప్పాను. ఎదురుగా గోడ మీద ఉన్న నల్లచెట్టుకూ ఆ పాఠానికీ సంబంధం ఉన్నదని నాకే తట్టలేదు. మన దేశంలో బొగ్గు చాలావరకు ప్రభుత్వానిదే, వాచకమూ చాలావరకు ప్రభుత్వానిదే. కనుక అమెరికా కథ ఇక్కడ యథాతథంగా వర్తించదు. కాని నోరు మెదపకపోవడానికి ప్రతిచోటా ఒకరు డబ్బు ఇవ్వనక్కరలేదని నా అనుభవం.

తిరిగి అమెరికాకు వద్దాం. 1997 డిసెంబరులో క్యోటో ఒప్పందం కుదిరింది. 1998 ఏప్రిల్‌లో పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ కార్యాలయంలో తయారైన ఒక ప్రణాళిక న్యూయార్క్ టైమ్స్ పత్రికకు చిక్కింది. దానిని తయారుచేసినవారిలో ఎక్సాన్, షెవ్రాన్ సంస్థల ప్రతినిధులు కూడా ఉన్నారు. పత్రికలవారిని, చట్టసభల సభ్యులను ఎలా తిప్పుకోవాలో అందులో ఉన్నది. దానితోపాటు బడుల గురించి కూడా ఒక భాగం ఉన్నది. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ వాతావరణశాస్త్రంలోని అనిశ్చితిని గురించి తెలియజేస్తే, ముందుముందు క్యోటో వంటి చర్యలు రాకుండా అడ్డుగోడ కట్టడానికి అది నాంది అవుతుందని దాని సారాంశం. జాతీయ సైన్సు ఉపాధ్యాయుల సంఘంతో కలిసి పాఠ్యసామగ్రి తయారుచేయాలని ఒక సూచన. ఆ ప్రణాళిక అక్షరాలా అమలు జరిగిందని నేను అనను. కాని ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన బడి వీడియోలలో, ఇంధనం లేకపోతే జీవితంలో హుషారే లేదని చెప్పేది ఒకటి అదే ఉపాధ్యాయ సంఘం ద్వారా పంపిణీ అయింది. 2006లో అల్ గోర్ చిత్రం ‘యాన్ ఇన్‌కన్వీనియెంట్ ట్రూత్’ డి.వి.డి.లు 50,000 ఉచితంగా ఇస్తామని నిర్మాతలు ముందుకు వస్తే ఆ సంఘం వద్దన్నది. బయటివారి సరుకును తాము ఆమోదించినట్లు అవుతుందన్నది వారి సమాధానం. ఎక్సాన్ మొబిల్ నుండి ఆ సంఘానికి విరాళాలు వచ్చేవన్న సంగతి అప్పుడు పెద్ద చర్చ అయింది. 2018లో అదే సంఘం వాతావరణ మార్పును శాస్త్రం చెప్పినట్లే బోధించాలని స్పష్టమైన ప్రకటన చేసింది. ఆ గౌరవం కూడా వారికి దక్కాలి.

ఆ తరువాతి సంఘటనలు ఇటీవలివే గనుక క్లుప్తంగా చెబుతాను. పిల్లల పుస్తకాలకు ప్రసిద్ధమైన స్కొలాస్టిక్ సంస్థ, అమెరికన్ కోల్ ఫౌండేషన్ డబ్బుతో నాలుగవ తరగతికి ఒక పాఠ్యసామగ్రి తయారుచేసింది. అందులో బొగ్గు మేళ్లు ఉన్నాయి గాని పొగ లేదు, తవ్విన కొండలు లేవు. 2011 మే నెలలో తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ గోల చేయగా ఉపసంహరించుకున్నది. ఓక్లహోమా రాష్ట్రంలో 1993లో చట్టం ద్వారా ఒక ఇంధన మండలి ఏర్పడింది. చమురు, గ్యాసు ఉత్పత్తిదారుల ఆదాయంలో వెయ్యింట ఒక వంతు దానికి నిధి. రెండు దశాబ్దాలలో అది బడిచదువు మీద 4 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేసింది. 2016లో అది ప్రచురించిన బొమ్మల పుస్తకంలో పెట్రో పీట్ అనే పిల్లవాడికి పీడకల వస్తుంది. ఆ కలలో పెట్రోలియంతో చేసిన వస్తువులన్నీ మాయమవుతాయి, బడి బస్సుతో సహా. మా గోడ మీది చెట్టే అక్కడ కథ అయింది. 2017లో హార్ట్‌లాండ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ, భూతాపం మీద శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదని వాదించే పుస్తకాన్ని రెండు లక్షలకు పైగా సైన్సు ఉపాధ్యాయులకు పంపడానికి పూనుకున్నది. ఆ సంస్థకు అంతకు చాలా ముందు ఎక్సాన్ మొబిల్ విరాళాలు ఉండేవి.

వీటి ఫలితం ఎంత అని కొలవడం కష్టం. 2016లో ‘సైన్స్’ పత్రికలో సుమారు 1500 మంది అమెరికన్ ఉపాధ్యాయుల మీద జరిపిన సర్వే వెలువడింది. ఇటీవలి భూతాపం ప్రకృతి సహజమే కావచ్చునని తమ తరగతులలో చెప్పేవారు దాదాపు 30 శాతం. వారందరినీ ఎవరో కొన్నారని అనడం అన్యాయం. చాలామందికి తాము చదువుకున్న రోజులలో ఈ పాఠమే లేదు. మరికొందరి ఊళ్లు నాది వంటివి. 2014లో వయోమింగ్ శాసనసభ కొత్త సైన్సు ప్రమాణాలను పరిశీలించడానికి కూడా డబ్బు ఖర్చుపెట్టరాదని బడ్జెట్టులో వ్రాసుకున్నది. వాతావరణ మార్పు పాఠం తమ ఆర్థికవ్యవస్థకు చేటు అని ఒక సభ్యుడు బహిరంగంగానే చెప్పాడు. అమెరికాలో అన్నిటికంటె ఎక్కువ బొగ్గు తవ్వే రాష్ట్రం అది. మరుసటి ఏడే ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. మరొక బొగ్గు రాష్ట్రమైన వెస్ట్ వర్జీనియాలో విద్యామండలి ఆ పాఠాన్ని పలుచన చేసి, ఉపాధ్యాయులు ఎదురుతిరగగా 2015 జనవరిలో వెనక్కు తగ్గింది. ఆ శాసనసభ్యుణ్ణి చూసి నాకు కోపం రాలేదు. ఆయన భయం నాకు తెలుసు. గని మూతపడుతుందన్న పుకారు పుట్టిన రాత్రి మా వీధిలో పొయ్యిలు వెలిగేవి కావు.

మరి ఉపాధ్యాయుడు ఎందుకు తీసుకుంటాడు? చేతిలో ఏమీ లేక. సుద్దముక్కలకు కూడా వెతుక్కునే బడిలోకి నిగనిగలాడే రంగుల పటం వస్తే కాదనే పంతులు ఎవరు? పుణ్యానికి పుట్టెడు ఇస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్లు అని మన సామెత. ఉచితంగా వచ్చినదానికి కొలత తప్పిందని జగడమాడడం మర్యాద కాదని దాని భావం. ఇంటికి వచ్చిన ధాన్యం విషయంలో ఆ మర్యాద పాటించవచ్చు. బడికి వచ్చిన పాఠం విషయంలో పాటించరాదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. పుట్టికి ఎన్ని కుంచాలు తగ్గాయో చూడవలసినవాడు పంతులే. పిల్లలకు పూర్తి కొలత ఎంతో తెలియదు.

ఈ నూరేళ్ల కథలో పచ్చి అబద్ధాలు తక్కువ. అవి దొరికిపోతాయి. మిగిలినవన్నీ నా పటం వంటివే: ఉన్నదంతా నిజం, లేనిది మాత్రం చాలా. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లు. 2024లో అది 420 దాటింది. నేను పాఠం చెప్పిన ముప్పై ఏళ్లలో ఏటేటా అది పెరుగుతూనే ఉన్నది, నా చెట్టుకు ఒక్క కొమ్మ కూడా పెరగలేదు.

ఇప్పుడు ఆ తరగతి నాకు మళ్లీ దొరికితే పటాన్ని చించివేయను. అక్కడే ఉంచి, ప్రశ్న మాత్రం మారుస్తాను: ఈ పటం మనకు ఎవరు ఇచ్చారు? ఇందులో లేనివి ఐదు వ్రాయుము. మా ఊరి పిల్లలు పుస్తకం తెరవకుండానే వ్రాయగలరు. దుమ్ము, దగ్గు, ఎండిన బావి, పైనున్న గాలి. అయిదవది ఆ పిల్లవాడు ఏనాడో వ్రాశాడు, వాళ్ల నాయన జీతం. అది కూడా పటంలో లేదు. బొగ్గు మేలు చెప్పడానికే గీసిన ఆ చెట్టులో, దానిని తవ్వే మనిషికి చోటు లేకపోయింది. అతడి పేరు నాకు గుర్తున్నది గాని ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఆ మార్కు అతనికి బాకీ ఉన్నాను.